ఉయ్యాల కట్టిన చోటు

తెల్లవారి ఎంతోసేపు కాలేదు. అప్పుడే వాకిట్లో పరిచిన నాపరాళ్లు కాళ్లకు వెచ్చగా తగులుతున్నాయి. రాఘవమ్మ మజ్జిగ చిలికి, వెన్న తీసి, కవ్వం కడిగి గోడకు ఆనించి వంటింటి గడప దాకా వచ్చి ఆగింది. వసారాలో కూతుళ్లిద్దరూ చద్దన్నాల ముందు కూర్చుని ఉన్నారు. పెద్దది రాజేశ్వరి, పదమూడేళ్లది. చిన్నది పున్నమ్మ, ఐదేళ్లది.

రాజేశ్వరి తినడం లేదు. వెడల్పాటి గిన్నెలో ఉన్న మజ్జిగను సన్నగా పొడుగ్గా ఉన్న ఇత్తడి గ్లాసులోకి వంపి, ఎక్కువైందా తక్కువైందా అని చెల్లెలిని అడిగింది. ఎక్కువైందని పున్నమ్మ సంబరంగా చెప్పింది. రాజేశ్వరి దాన్నే మళ్లీ గిన్నెలో పోసింది. తగ్గిపోయిందని పున్నమ్మ మూతి ముడిచింది. ఒక్క చుక్క కింద పడలేదు, పైనుంచి ఒక్క చుక్క కలవలేదు. అయినా పున్నమ్మకు అది ఒకసారి పెరిగింది, ఒకసారి తగ్గింది. అక్కచెల్లెళ్ల ఆట అనుకుంటే రాఘవమ్మ నవ్వుకునేదే. కానీ రాజేశ్వరి నవ్వడం లేదు. బావిలోకి తొంగిచూసే మనిషిలా చెల్లెలి ముఖంలోకి కళ్లు ఆర్పకుండా చూస్తోంది.

"ఏందే ఆ పోయడాలు? తిను" అంది రాఘవమ్మ.

రాజేశ్వరి ఉలిక్కిపడి గ్లాసు కింద పెట్టింది. తల వంచుకుని గబగబా నాలుగు ముద్దలు తిని లేచింది. ఆ ఉలికిపాటే రాఘవమ్మకు నచ్చలేదు. తప్పు చేయని పిల్ల తల్లిని చూసి ఎందుకు ఉలిక్కిపడాలి?

ఏడాదిగా ఇదే వరస. చిన్నప్పుడు రాజేశ్వరి కడుపులో ఒక్క మాట దాగేది కాదు. ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవర్ని తిట్టారో పరిగెత్తుకొచ్చి తల్లి కొంగు పట్టుకుని చెప్పేది. చందమామ తన వెంటే ఇంటికొస్తున్నాడని నమ్మేది. ఎవరేం చెప్పినా నమ్మేది. ఇప్పుడు ఏ మాటన్నా, నీకెట్టా తెలుసమ్మా అంటుంది. మంగళవారం తలంటుకోకూడదంటే ఎవరికి చెడు జరిగిందని అడుగుతుంది. అడగనప్పుడు గంటల తరబడి మాట్లాడదు. అన్నిటికంటే రాఘవమ్మను బాధపెట్టేది ఆ చూపు. ఇంట్లో మనుషులను ఎదురుగా నిలబెట్టి తూకం వేస్తున్నట్టు చూస్తుంది.

పది రోజుల కిందట తండ్రి అన్నం తింటుండగా ఓ ప్రశ్న వేసింది. చేయని పని చేశావని ఊరంతా అంటే, చేయలేదని ఆ మనిషి ఎట్లా చూపించుకోవాలి అని. చిన్నకోటయ్య నెమ్మదస్తుడు. ఇవన్నీ నీకెందుకమ్మా అని ఊరుకున్నాడు. రాఘవమ్మ మాత్రం వడ్డిస్తున్న గరిటె ఆపింది. ఈ పిల్ల ఏం చేసి పెట్టిందని ఇప్పటి నుంచే దారి వెతుక్కుంటోంది?

ఆ తర్వాత ఒకరోజు గొడ్లపాక వెనక అక్కచెల్లెళ్ల మాటలు వింది. నిన్న నాయన నీకు చెరుకుముక్క తెచ్చాడు గదా, నల్లదా తెల్లదా అని రాజేశ్వరి అడుగుతోంది. నల్లదని పున్నమ్మ చెప్పింది. ఎవరు విరిచిచ్చారంటే, నువ్వే అంది. ఆ ముందురోజు చిన్నకోటయ్య పొలం నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. పసిదానికి అబద్ధం నేర్పుతోంది అనుకుంది రాఘవమ్మ. రేపు తన తరపున చెప్పించుకోవడానికి కాకపోతే ఇంత చిన్నపిల్లకు అబద్ధం నేర్పే పనేముంది?

ఆ ఇంట్లో అనుమానం నిన్న మొన్న పుట్టింది కాదు. ఏడేళ్ల కిందట, యుద్ధం మొదలు కాకముందు అదే ఇంట్లో అన్నదమ్ములిద్దరూ కలిసి ఉండేవారు, చిన్నకోటయ్య, అతని తమ్ముడు అంకారావు. అంకారావు భార్య కోటేశ్వరమ్మకు పిల్లలు కలగలేదు. రాఘవమ్మకు రాజేశ్వరి తర్వాత కొడుకు పుట్టాడు. వాడు తల్లి ఒడిలో కంటే చిన్నమ్మ చంకలోనే ఎక్కువ పెరిగాడు. ఆ ఏడు రోహిణి కార్తె ఎండల్లో ఒకనాడు రాఘవమ్మ వీధి చివరి పెళ్లివారింట్లో పసుపు దంచడానికి వెళ్లి వచ్చేసరికి పిల్లవాడు వాంతులు చేసుకుంటున్నాడు. పొద్దు వాలకముందే పోయాడు.

ఎండదెబ్బ అన్నారు కొందరు. పిల్లల్లేనిదాని చేతికి పిల్లవాడినిచ్చి పోయావే అని ఒకతె అంది. ఆ మాట రాఘవమ్మ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ పూట ఇంట్లో ఉన్న మరో ప్రాణి ఆరేళ్ల రాజేశ్వరి. రాఘవమ్మ ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది. చిన్నమ్మ ఉగ్గుగిన్నెతో తమ్ముడి నోట్లో ఏదో పోసిందని, అది నల్లగా ఉందని పిల్ల చెప్పింది. మర్నాడు నలుగురి ముందూ ఇంకా వివరంగా చెప్పింది. పసిపిల్లకు అబద్ధం ఎట్లా వస్తుందని ఊరంతా అనుకుంది. కోటేశ్వరమ్మ మందు పెట్టి చంపిందన్న మాట ఊరూరా పాకింది. నెల తిరగకుండా అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. అంకారావు భార్యను తీసుకుని ఆమె పుట్టిల్లు ఉన్న రెంటచింతలకు వెళ్లిపోయాడు. అప్పటి నుంచీ ఆ ఇద్దరి పేర్లూ ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం పక్కింటి జాన్‌బీ గోడ దగ్గరకు వచ్చింది. రాఘవమ్మ కంటే ఐదారేళ్లు చిన్న, అక్కా అని నోరారా పిలుస్తుంది. కాసేపు మిరపకాయల ధర గురించి మాట్లాడి, చివరికి గొంతు తగ్గించింది. నిన్న పొద్దున తాను రోడ్డు మీదుగా వస్తుంటే రాజేశ్వరి చెల్లెలి చెయ్యి పట్టుకుని ఒక గూడుబండి పక్కన నిలబడి ఉందట. బండిలో ఎవరితోనో చానాసేపు మాట్లాడిందట. గూడు అడ్డం వచ్చి ఆ మనిషెవరో తనకు కనపడలేదట.

"మన పిల్ల అట్టాంటిది కాదనుకో అక్కా. అయినా ఎదిగిన పిల్ల. నీ చెవిన ఏద్దామని చెప్పా" అంది జాన్‌బీ.

రాఘవమ్మ నిన్నటి సంగతి లెక్క వేసుకుంది. నిన్న పొద్దున రాజేశ్వరి పొలానికి తండ్రికి అన్నం తీసుకువెళ్లింది. ఆలస్యమెందుకైందంటే, పున్నమ్మ నడవలేకపోయిందని చెప్పింది.

ఆమె నేరుగా రాజేశ్వరి దగ్గరకు వెళ్లలేదు. పెద్దది ఇప్పుడు మాటలు నేర్చింది, దాని దగ్గర నిజం రాదనుకుంది. వంటింట్లోకి పున్నమ్మను పిలిచి, తలుపు చేరవేసి, చేతిలో బెల్లంముక్క పెట్టి, దగ్గరకు తీసుకుంది.

"నిన్న రోడ్డు మీద బండిలో ఎవరున్నారే?"

"తాత" అంది పున్నమ్మ.

"తాతేందే? సరిగ్గా చెప్పు. కుర్రాడు గదా?"

పున్నమ్మ తల్లి ముఖంలోకి చూసింది. తల్లి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఊఁ అంది.

"తెల్లచొక్కా తొడుక్కున్నాడా?"

"ఊఁ. తెల్లచొక్కా."

"అక్క చెయ్యి పట్టుకున్నాడా?"

పున్నమ్మ కాసేపు బెల్లం చప్పరించింది. పట్టుకున్నాడని చెప్పింది. అంతటితో ఆగకుండా, పూలు కూడా ఇచ్చాడని, అక్క అవి జడలో పెట్టుకుందని తనంతట తానే చెప్పింది.

రాఘవమ్మకు ఇంకేం వినాలనిపించలేదు. పెరట్లో మిరపకాయలు తిరగేస్తున్న రాజేశ్వరి దగ్గరకు వెళ్లి, బండిలో ఎవరని అడిగింది. రాజేశ్వరి ముఖంలో రంగు మారింది. ఎవరూ కుర్రాడు కాదంది. ఎవరో ఇప్పుడు చెప్పలేనంది. తాను ముందు ఒక సంగతి తేల్చుకోవాలని, తేలాక తానే చెబుతానని అంది.

"చెల్లెలు చూసింది చెప్పింది. పసిపిల్ల అబద్ధం చెప్తదటే?"

రాజేశ్వరి చేతిలోని చేట జారింది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆ మౌనాన్ని రాఘవమ్మ ఒప్పుకోలు కిందే తీసుకుంది.

సాయంత్రం చిన్నకోటయ్య ఇంటికి రాగానే ఆమె అంతా చెప్పింది. తెల్లచొక్కా, పూలు, చెయ్యి పట్టుకోవడం, అన్నీ తాను కళ్లారా చూసినట్టే చెప్పింది. చిన్నకోటయ్య కేకలు వేయలేదు. మంచం పట్టె మీద చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. కారెంపూడిలో రాఘవమ్మ అన్న కొడుకు ఉన్నాడు. రెండేళ్లు ఆగి సంబంధం మాట్లాడదామనుకున్నారు. ఇక ఆగేది లేదని, పొద్దున్నే వెళ్లి ముహూర్తం పెట్టించుకుని వస్తానని అతను చెప్పాడు. ఆ మాట పక్కన కిటికీగదిలో ఉన్న రాజేశ్వరికీ వినపడింది.

మర్నాడు పొద్దున చిన్నకోటయ్య ఎడ్లను కాడికి కట్టబోతుండగా రాజేశ్వరి చెల్లెలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు వాచి ఉన్నాయి.

"నాయనా, బండి కట్టబోయే ముందు ఒక్కటి చూడు. తర్వాత నువ్వెట్టా చెప్తే అట్టా" అంది.

లోపలికి పొమ్మని రాఘవమ్మ గదమాయించింది. చిన్నకోటయ్య చేత్తో ఆమెను ఆపాడు. రాజేశ్వరి చెల్లెలి ముందు గొంతుక్కూర్చుంది.

"పున్నీ, నిన్న అమ్మ రైలెక్కి మాచర్ల పోయొచ్చింది గదా?"

"ఊఁ."

"నీకేం తెచ్చింది?"

"గాజులు."

"ఏ రంగువి?"

"పచ్చయి. పగిలిపోయినయి." పున్నమ్మ తన బోసి చేతులు చూపించింది.

"రైల్లో అమ్మతో ఇంకెవరెళ్లారు?"

"జాన్‌బీ అత్త. అత్త మేక కూడా ఎక్కింది."

చిన్నకోటయ్య భార్య వంక చూశాడు. నిన్న ఆమె గడప దాటలేదు. రాఘవమ్మ కోపంతో ఊగిపోయింది. ఇదంతా పెద్దది రాత్రి నూరిపోసిందని, తాను అప్పటి నుంచీ చెబుతున్నది ఇదేనని అంది. నేర్పలేదని, కావాలంటే అమ్మనే అడిగి చూడమని రాజేశ్వరి అంది. ఇష్టమొచ్చింది అడుగు, చిన్నది ఔననే అంటుందని చెప్పింది. రాఘవమ్మ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఆమెకు ఎక్కడో తెలిసిపోయింది.

"నిన్న నువ్వు కుర్రాడు గదా అనుంటావు, అది ఔననుంటుంది. తెల్లచొక్కా అనుంటావు, ఔననుంటుంది. అంతే గదమ్మా? ఇప్పుడు ఏమీ కలపకుండా అడగండి. రోడ్డు మీద ఏం చూశావు అని ఒక్కటే."

చిన్నకోటయ్య పలుపు వదిలేసి వచ్చి కూతురి ముందు కూర్చున్నాడు. ఏం చూశావమ్మా అని మాత్రం అడిగి ఊరుకున్నాడు. పున్నమ్మ తండ్రి ముఖంలోకి చూసింది. అక్కడ తనకు కావాల్సిన జవాబేదీ దొరకలేదు. కాసేపు వేళ్లతో ఆడుకుంది.

"బండిలో తాత" అంది. "తలపాగా ఉంది. ఎద్దుకి నీలం పూసలు. అక్క ఏందో అడిగింది. తాత ఏడ్చాడు."

"ఎవరే ఆ తాత?" అన్నాడు చిన్నకోటయ్య, పెద్దకూతురి వంక తిరిగి.

"చిన్నాయన. రెంటచింతల నుంచి గురజాలకు మిరపకాయలు ఏసుకొస్తున్నాడు. ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆగాడు. నేనే గుర్తుపట్టి పలకరించా."

చిన్నకోటయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. చివరికి, "వాడికి జుట్టు నెరిసిందా?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నకు రాఘవమ్మ రేగిపోయింది. తన బిడ్డను పొట్టన పెట్టుకున్నదాని మొగుడితో దీనికి మాటలేందని, ఆ ఇంటి మనుషులు ఈ పిల్లకు కూడా ఏదో పెట్టి తిప్పుకుంటున్నారని అరిచింది. ఏడాదిగా పిల్ల ఇట్లా మారిపోవడానికి అదే కారణమై ఉంటుందంది. రాజేశ్వరి ఆమె మాటలు అయ్యేదాకా ఆగింది.

"నేను చిన్నాయన్ని అడిగింది ఒక్కటేనమ్మా. మీరున్నప్పుడు ఈ కిటికీగది ఉందా అని."

చిన్నకోటయ్య తలెత్తాడు.

రాజేశ్వరి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కొన్ని నెలల కిందట పాలకుండ పగిలింది. పిల్లి దూకి పగలగొట్టడం తాను చూసింది. తల్లి ఆ సంగతి తెలియక పున్నమ్మను గట్టిగా నిలదీస్తే, నేనే పగలగొట్టానని పున్నమ్మ ఒప్పుకుంది. ఎట్లా తోసిందో చెయ్యి పెట్టి చూపించింది కూడా. సాయంత్రానికి దానికి నిజంగానే తాను తోసినట్టు గుర్తుంది. ఆ రోజు నుంచి తనకు నిద్ర లేదంది. చెల్లెలిని రకరకాలుగా అడిగి చూసింది. జరిగింది అడిగింది, జరగనిది అడిగింది. అడిగేవాళ్ల ముఖం ఎట్లా ఉంటే దాని జవాబు అట్లా ఉంది. అది అబద్ధమాడటం లేదు. ఏది చూసిందో, ఏది విందో విడదీసుకోవడం దానికింకా రాలేదు. అప్పుడు తన సంగతి ఆలోచించడం మొదలుపెట్టింది.

"నాకు బాగా గుర్తుందమ్మా, చిన్నమ్మ తమ్ముడి నోట్లో పోయడం. కళ్లు మూసుకుంటే కనపడుతుంది. కిటికీ పక్కన ఉయ్యాల, ఆ కిటికీలోంచి ఎండ పడి ఉగ్గుగిన్నె మెరుస్తుంది. కానీ చిన్నమ్మ వాళ్లు ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఆ గదే లేదంట, తర్వాత కట్టిందంట. మరి నేనేం చూశాను? ఆ రోజు తమ్ముడి ఉయ్యాల ఎక్కడ కట్టి ఉందో నువ్వు చెప్పు."

ఉయ్యాల వసారా దూలానికి కట్టి ఉండేది. అక్కడ కిటికీ లేదు. ఎండ పడకుండా తాటాకు తడిక కట్టి ఉండేది. అది రాఘవమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ దూలం వైపు ఇప్పటికీ ఆమె చూడకుండా నడుస్తుంది.

"నువ్వడిగినప్పుడు ముందు నాకు తెలీదన్నాను. గుర్తుందా అమ్మా? నువ్వు ఏడుస్తున్నావు. మళ్లీ అడిగావు. ఉగ్గుగిన్నెతో పోసింది గదా అన్నావు. నేను ఔనంటే నువ్వు ఏడుపు ఆపుతావనుకున్నా. మర్నాటికి నాకు అది కనపడటం మొదలైంది. నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా. అదే నాకు భయంగా ఉంది."

రాఘవమ్మ వసారా అరుగు మీద కూర్చుంది. ఎంతో కాలంగా పిల్ల చెప్పింది అన్న మాటే ఆమెకు గుర్తుంది. తాను అడిగింది గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లో వణుకుతూ కూర్చున్న ఆరేళ్ల పిల్ల, తెలీదమ్మా అంటూ తన ముఖంలోకి వెతుక్కున్న ఆ కళ్లు గుర్తొచ్చాయి. నిన్న బెల్లంముక్క చేతిలో పెట్టినప్పుడు పున్నమ్మ చూసింది కూడా అట్లాగే. తాత అని అది మొదటే నిజం చెప్పింది. ఆ నిజాన్ని తానే పక్కకు నెట్టి, లేని కుర్రాడిని తెచ్చి నిలబెట్టింది. తెల్లచొక్కా తన నోట్లోంచే వచ్చింది. ఒక్క పూటలో కన్నకూతురి బతుకు ఆ చొక్కాతో ముడిపెట్టేయబోయింది.

చిన్నకోటయ్య లేచి ఎడ్లను కాడికి కట్టాడు. ఎటని రాఘవమ్మ అడగలేదు.

"బండి ఎట్టాగూ కట్టా. రెంటచింతల పోదాం. అందరూ ఎక్కండి" అన్నాడు.

దారికి రెండు వైపులా మిరపచేలు కోతలైపోయి ఎండిన కట్టెలతో ఉన్నాయి. పున్నమ్మ తల్లి ఒళ్లో నిద్రపోయింది. రాజేశ్వరి బండి వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. రాఘవమ్మ ఆ పిల్ల వీపు వైపే చూస్తూ ఉంది. ఇంతకాలం తన కడుపున పుట్టిన పిల్ల ఏదో దాస్తోందని భయపడింది. అది మోస్తున్నది తాను దాని నెత్తిన పెట్టిన బరువే.

వాళ్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అంకారావు ఇల్లు ఊరి చివర, రెండు గదుల నాపరాతి ఇల్లు. బండి చప్పుడుకు అతను బయటికి వచ్చి అన్నను చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. నిజంగానే తల సగానికి పైగా తెల్లబడింది. చిన్నకోటయ్య బండి దిగి వెళ్లి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

కోటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. రాఘవమ్మను చూసి ముఖం పక్కకు తిప్పుకోలేదు, రమ్మనీ అనలేదు. పిల్లలకు దాహమవుతుందని అంకారావు అంటే, నువ్వే ఇవ్వు అని ముంత అతని చేతికి అందించింది. ఏ ఇంటి పిల్లలకూ తన చేత్తో నీళ్లు కూడా ఇవ్వదని అతను చెప్పాడు. ఈ ఊళ్లోనూ ఆ మాట వాళ్ల కంటే ముందే వచ్చిందట. తల్లులు ఆమెను చూసి పిల్లలను కొంగు చాటుకు తీసుకునేవారట. కొన్నాళ్లకు ఆమే పిల్లలు ఎదురొస్తే దారి మార్చుకోవడం మొదలుపెట్టిందట.

రాజేశ్వరి ఆమె ముందుకు వెళ్లి నిలబడింది.

"నీ మీద నాకేం లేదే పిల్లా" అంది కోటేశ్వరమ్మ. "ఆరేళ్లదానివి. అప్పుడు నీకేం తెలుసు? ఉన్నదంతా అడిగినదాని మీదే."

"అడిగింది నేనే" అంది రాఘవమ్మ. "దాని నోట్లో ఆ మాట పెట్టింది నేనే. ఇంకొకటి కూడా ఉంది కోటేశ్వరీ. ఆయనకు కూడా తెలీదు. ఆ పొద్దున పిల్లాడి ఒళ్లు కాలుతోందని నువ్వు చెప్పావు. ఇయ్యాల పోవద్దక్కా అన్నావు. నేను ఇనకుండా పోయా. ఆ మాట నేనెవరికీ చెప్పలా."

చిన్నకోటయ్య తమ్ముడి పక్కన నిలబడి వింటున్నాడు. తల దించుకున్నాడు.

"నేనూ చెప్పలా" అంది కోటేశ్వరమ్మ.

"ఎందుకు చెప్పలేదే? ఆ ఒక్క మాట చెప్తే నిన్ను అనేవాళ్లు కాదు గదా."

"బిడ్డ పోయిన మనిషివి. జరంతో ఉన్నోడిని వదిలేసి పోయిందన్న మాట కూడా నీ నెత్తిన పడితే నువ్వు ఆ రాత్రికి బతికేదానివి కాదు. నాలుగు రోజులు పోతే నీకే తెలుస్తదిలే అనుకున్నా. ఇన్నేళ్లు పడుతుందనుకోలా."

రాఘవమ్మ ఆ గుమ్మంలోనే కూర్చుని, ఆమె పాదాల మీద కాదు, ఆమె మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. కోటేశ్వరమ్మ మొదట కదలలేదు. కాసేపటికి ఆమె చెయ్యి వచ్చి రాఘవమ్మ వీపు మీద ఆనింది. వాడు నాకు కూడా కొడుకేగా అక్కా అని చాలా మెల్లగా అంది. వాడి కోసం తనను ఒక్కరోజు కూడా ఏడవనివ్వలేదంది. ఏడిస్తే నటన అన్నారు, ఏడవకపోతే రాయి అన్నారు. ఆ మాట అని ఆమె కూడా ఏడ్చింది. అంతకాలానికి వాళ్లిద్దరూ ఒకే బిడ్డ కోసం ఒకేచోట కూర్చుని ఏడ్చారు.

ఊరికి తిరిగి వచ్చేయమని చిన్నకోటయ్య అడిగాడు. ఆ వీధిలో నడవడానికి తనకింకా మనసు రాదని కోటేశ్వరమ్మ ఉన్నమాట చెప్పింది. రాఘవమ్మ బలవంతపెట్టలేదు. ముందు తాను ఆ వీధిలో గుమ్మం గుమ్మానికీ వెళ్లి జరిగింది చెబుతానంది. జాన్‌బీ ఇంటి నుంచే మొదలుపెడతానంది. కారెంపూడి సంబంధం మాట ఇప్పట్లో ఎత్తవద్దని భర్తతో అందరి ముందే చెప్పింది.

పున్నమ్మ నిద్ర లేచి ఆకలంది. పొయ్యి మీద అన్నం ఉంది, పప్పు ఉంది. రాఘవమ్మ ఆ పిల్లను తెచ్చి కోటేశ్వరమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది.

"నువ్వే పెట్టు."

కోటేశ్వరమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దక్కా. రేపు దీనికి కడుపునొప్పి వస్తే?"

"వస్తే వాము నూరి పోద్దాం. ఇద్దరం" అంది రాఘవమ్మ.

కోటేశ్వరమ్మ కంచంలో అన్నం కలపడానికి చాలాసేపు పట్టింది. గుమ్మం పక్కన నిలబడ్డ రాజేశ్వరి నోరు విప్పింది. జరగలేదని తెలిసినా ఆ కిటికీ, ఆ ఉగ్గుగిన్నె ఇప్పటికీ కనపడుతూనే ఉన్నాయని, అవి పోవడం లేదని చెప్పింది.

"పోకపోతే పోనీలే" అంది కోటేశ్వరమ్మ. "నేను ఎదురుగా ఉన్నాగా. నన్ను చూడు."

ఆమె ముద్ద చేసి పున్నమ్మ నోటికి అందించింది. నాలుగు మెతుకులు జారి పిల్ల గౌను మీద పడ్డాయి. పున్నమ్మ నమిలి మింగి, మళ్లీ నోరు తెరిచింది. రాజేశ్వరి తడి కళ్లు తుడుచుకోకుండా అట్లాగే చూస్తూ నిలబడింది. ఈసారి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆమె తన కళ్లతో చూసింది.